వాల్‌బుర్గా నల్ల బీరు

ఇంగోల్‌స్టాట్ పట్నానికి దిగువన, డాన్యూబ్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో వాల్‌బుర్గా మొగుడు కోర్బినియన్ బీరు కాచేవాడు. బార్లీని నానబెట్టి, అటక మీద పరిచి మొలకెత్తించి, బట్టీలో ముదురు రంగు వచ్చేదాకా వేయించేవాడు. ఆ గింజల వల్లే బీరు నల్లగా ఉండేది. తాతల నాటినుంచీ ఊరివాళ్లకు తెలిసిన బీరు అదొక్కటే. మొలకలు అల్లుకుపోకుండా కోర్బినియన్ పూటపూటా చెక్క పారతో తిరగేస్తుంటే, కింద వంట చేసుకునే వాల్‌బుర్గాకు నెత్తిమీద ఆ పార గీరే చప్పుడు వినబడేది.

1918లో, ఆకులు రాలే రోజుల్లో, ఊరిమీద విషజ్వరం పడింది. యుద్ధంలో బార్లీ కరువై బీరు అప్పటికే నీళ్లనీళ్లగా తయారైంది. రంగు మాత్రం పోలేదు. శవాన్ని పూడ్చి వచ్చినవాళ్లకు భోజనం పెట్టి బీరు పోయడం అక్కడి ఆనవాయితీ. ఆ నెలంతా కోర్బినియన్ పీపాలు చావు భోజనాలకే వెళ్లాయి. చివరికి అతనూ మంచం పట్టాడు. పోయేముందు మొహం, పెదాలు నల్లగా కమిలిపోయాయి. అతని చావు భోజనానికి అతను కాచిన బీరే పోసింది వాల్‌బుర్గా. తను మాత్రం గ్లాసు ముట్టలేదు.

తర్వాత తనే కాచడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లు చూసిన పనే. ఒక సాయంత్రం పొయ్యి దగ్గరుండగా పైన పార గీరింది. మెట్లెక్కి చూస్తే ఎవరూ లేరు. బార్లీ కదిలినట్టు కూడా లేదు. మర్నాడూ అంతే. కొన్నాళ్లకు చూడ్డానికి వెళ్లడం మానేసి, వింటూ పని చేసుకోసాగింది.

యుద్ధంలో పట్టుబడిన మరిది అలోయిస్ 1920లో ఫ్రెంచివాళ్ల చెరనుంచి తిరిగొచ్చాడు. మ్యూనిక్‌లో కుర్రకారంతా లేత బంగారు రంగు బీరే అడుగుతున్నారనీ, మనమూ అదే కాద్దామనీ పోరుపెట్టాడు. వాల్‌బుర్గా ఒప్పుకోలేదు.

ఆ ఏడే కమ్మరి కూతురి పెళ్లి కుదిరింది. బీరు పట్నం నుంచి తెప్పిస్తున్నారని తెలిసి, వాల్‌బుర్గా నేరుగా వెళ్లి పెళ్లికూతురి తల్లి తెరేసను కారణం అడిగింది. తెరేస పిండి పిసుకుతూనే చెప్పింది.

"నీ బీరులో లోటేం లేదు వాల్‌బుర్గా. గ్లాసు నోటిదాకా వస్తే చాలు, మా చిన్నాడిని పూడ్చొచ్చిన రోజే కళ్లముందుకొస్తుంది. పెళ్లిలో ఎలా పొయ్యను?"

వాల్‌బుర్గా ఇంటికొచ్చింది. మొగుడు పోయాక మొదటిసారి ఒక గ్లాసు నింపుకుంది. గుక్క దిగలేదు. పెరట్లో ఉమ్మేసి, లోపలికి వచ్చి అలోయిస్‌తో, ఇక నీ ఇష్టం వచ్చినట్టు కాచుకో అంది.

అతను పట్నం నుంచి ముందే మొలకెత్తించి ఆరబెట్టిన లేత రంగు గింజలు బస్తాలతో తెచ్చాడు. అటక మీద పని లేకుండా పోయింది. కొత్త బీరు బాగానే అమ్ముడుపోయింది. పైన చప్పుడు ఆగిపోయింది.

కొన్ని వారాలు ఎదురుచూసి, ఎప్పుడైనా పైన ఏమైనా విన్నావా అని అలోయిస్‌ని అడిగింది. అతను తల దించుకున్నాడు.

"వచ్చిన రోజునుంచీ విన్నాను వదినా. అన్నయ్యే అనుకున్నాను. నీతో అనడానికి నోరు రాలేదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు."

ఆ చలికాలం వాల్‌బుర్గా కాస్త బార్లీ నానబెట్టి అటక మీద పరిచింది. పార మాత్రం తను ముట్టకుండా, కింద కూర్చుని చెవులు రిక్కించి వినేది. గింజలు మొలకెత్తాయి, వేళ్లు ఒకదానికొకటి అల్లుకుని చాపలా గట్టిపడ్డాయి, బూజు పట్టాయి. అలోయిస్ ఏమీ అడక్కుండా వాటిని ఎత్తి పెంటకుప్ప మీద పోసొచ్చాడు. ఆమె మళ్లీ నానబెట్టింది.