అప్ప కట్టిన ఎర్ర రేకు

మా జగదాంబప్ప ట్రాక్టరు విప్పాలంటే ముందు పెరట్లో ఒక పాత చీర పరవాల. ఆ చీర మీద నాలుగు గిన్నెల టిఫిన్ కేరియరు విప్పి వరసగా పెట్టాల. మొదటి గిన్నెలో గాలి ఫిల్టరు నట్లు, రెండోదాన్లో డీజిలు ఫిల్టరువి, మూడోదాన్లో బ్యాటరీవి. నాలుగోది ఖాళీ. ఖాళీ గిన్నె ఎందుకే అని ఓసారి అడిగితే, అంతా బిగించేక ఏదైనా మిగిలితే అందులో ఎయ్యడానికి, అంది. ఈ ఆరేళ్ళలో ఆ గిన్నెలో ఒక్క వాషరు మిగిలితే ఒట్టు.

నేను సూరమ్మని. అప్ప అంటే మా వైపు అక్క, ఈవిడ మా ఆయన అన్నగారి పెళ్ళాం, నాకు తోడికోడలు. జంషెడ్‌పూర్‌లో అగ్రికో దాటి ఏటొడ్డుకి దిగే తోవలో మా బస్తీ. ఇళ్ళు రెండు గానీ పెరడు ఒకటే. నాకూ ఆవిడకీ పడదని బస్తీలో అనుకుంటారు. నిజమే, రోజుకి రెండుసార్లు పడదు. మిగతా పొద్దంతా బాగానే పడతాది.

టెక్కలి కాడ పల్లె నుంచి పెళ్ళి చేసుకుని జంషెడ్‌పూర్ వచ్చినప్పుడు ఆవిడకి సంతకం కూడా రాదు. గమ్హరియాలో ఓ చిన్న షెడ్డులో రెజాగా చేరింది. రెజా అంటే ఏటనుకున్నారు, ఊడవడానికీ మొయ్యడానికీ పెట్టుకునే ఆడకూలీ. పద్దెనిమిదేళ్ళు అక్కడ ఇంజన్ల సామాన్లు కిరసనాయిల్లో కడిగింది. కడిగిన బోల్టు ఫిట్టరు చేతికి అందించాల, అతగాడు బిగించాల. ఈవిడ చేతికి ఒక్కడంటే ఒక్కడు పానా ఇచ్చిన పాపాన పోలేదు. అందించినంతసేపూ చూడొద్దని మాత్రం ఎవడూ అన్లేదు కదా. చూసింది. ఆయిల్ని రెండు వేళ్ళ మద్దెన రాసి, ఇసక తగిలిందా, మాడు వాసనొచ్చిందా అన్నది అలా చూసే నేర్చుకుంది.

అక్షరాలు కూడా అక్కడే. పని జరుగుతున్న మెషీనుకి అక్కడ ఎర్ర రేకొకటి తీగెతో కడతారు. దాని మీద పుర్రె బొమ్మ, దాని కింద హిందీలో 'కామ్ చాలూ హై, హాథ్ మత్ లగావో'. పని నడుత్తన్నాది, చెయ్యి పెట్టకు అని. ఆ రేకు ఎవరు కట్టారో వాళ్ళే విప్పాల. షెడ్డు యజమాని పెద్ద సాయిబు దిగొచ్చినా ఇంకోడు విప్పడానికి లేదు. వెనకాల సుద్దముక్కతో ఏ పని మిగిలిందో రాసుకుంటారు. ఆ రాతలు చూసి చూసి అప్ప చదవడం నేర్చింది, తరవాత రాయడం నేర్చింది. షెడ్డు మూతపడిన నాడు ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుపోయారు. ఈవిడ రేకు తెచ్చుకుంది. నేను పడీ పడీ నవ్వేను.

తరవాత ఈ చిన్న ట్రాక్టరొచ్చింది. సువర్ణరేఖ ఒడ్డున కాలీఫ్లవరు ఏసే మళ్ళల్లోకి పెద్ద బళ్ళు దిగవు, ఇదైతే గట్టు మీద నుంచి కూడా తిరుగుతాది. కాయితాల్లో అప్ప మొగుడు, మా బావ ధర్మరాజు పేరుంది. తోలేదీ, కడిగేదీ, ఆయిలు మార్చేదీ అంతా అప్పే. అక్కడొచ్చింది తంటా. బావ కంట్రాక్టు వెల్డరు. టీ కొట్టు కాడ ఎవడో, మీ ఇంట్లో పానా ఎవరి చేతిలో ఉంటాది ధర్మరాజూ, అన్నాడంట. ఇంటికొచ్చి చెప్పుకోలేక రెండ్రోజులు అన్నం మీద అలిగేడు. ఆ తరవాత గమ్హరియా రోడ్డులో గ్యారేజీ ఉన్న జయప్రకాష్‌ని వెంటేసుకొచ్చేడు. ఆ కుర్రాడు మనోడే, పలాసోళ్ళు, నోరు తెరిస్తే మాత్రం హిందీయే. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఆడాళ్ళ చేతి సర్వీసుకి ఇంజను ఒక్క సీజనులో పట్టేత్తాదని చెప్పేడు. మూత కూడా తియ్యలేదు బాబూ, నా కళ్ళారా చూసేను.

అప్ప వాదన పెట్టుకోలేదు. పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజ నాడు, కొబ్బరికాయ కొట్టిన తరవాత, తాళం నేనే తిప్పుతాను అంది. బండి లేత్తే ఇంక ఎవరూ నా చేతుల గురించి మాటాడకూడదు, లేవకపోతే తాళం ఈ కుర్రాడికిచ్చేసి మళ్ళీ పానా ముట్టుకోను అంది. బావ సరేనన్నాడు. అనేత్తాడు ఆయన, అప్పటికి ఆవిడ ఓడిపోవాలనే ఉన్నాడు. ఆ బండి లేకపోతే అప్ప ఏటవుతాది? మళ్ళీ ఇంకోడికి బోల్టులు అందించే మనిషవుతాది.

పూజకి ముందు రోజు పొద్దున్నే చీర పరిచింది. పాత ఆయిలు తొట్టిలోకి దింపింది. కొత్త ఆయిలు ఫిల్టరు రబ్బరుకి వేలితో ఆయిలు రాసి చేత్తోనే బిగించింది, పానా పెట్టి బిగిస్తే రబ్బరు కోసుకుపోతాదంట. కొత్త ఆయిలు పోసింది. బ్యాటరీ మొనలకి పట్టిన తెల్ల పొక్కు మీద వేణ్ణీళ్ళు పోసి పళ్ళ బ్రష్షుతో తోమింది. గ్రీజు పెట్టింది, ఫేను బెల్టుని బొటనేలితో నొక్కి చూసింది. ఆఖర్న ట్యాంకు కింద డీజిలు కాక్, అంటే కుళాయి, కట్టేసి డీజిలు ఫిల్టరు మార్చింది. అది మార్చితే గొట్టంలో గాలి దూరుతాది, ఆ గాలి తీత్తే గానీ ఇంజను లేవదు. అంతలోకి పొద్దు కుంకిపోయింది. పూజ ముందు సందేళకే పనిముట్లు దేవుడి కాడ పెట్టేయాల అని బావ పానాలన్నీ ఏరుకుని పటం ముందు పెట్టేసేడు. అప్ప తెల్లారి పూజకి ముందు చేసుకుంటానులే అనుకుని, రేకు వెనక 'డీజిల్ బంద్, హవా నికాల్నా', డీజిలు కట్టేసుంది, గాలి తియ్యాల అని రాసి స్టీరింగుకి కట్టింది. బుర్రని నమ్మకే సూరమ్మా, రేకుని నమ్ము అని ఆవిడ ఎప్పుడూ అనే మాట. పద్దెనిమిదేళ్ళు రేకు లేని మెషీనంటే పనైపోయిన మెషీనే ఆవిడకి.

ఇప్పుడు నా తెలివి చెప్తాను వినండి. తెల్లారగట్ల అప్ప పూలకీ కొబ్బరికాయకీ బిష్టుపూర్ బజారెళ్ళింది. నేను పెరడు కడిగి, ముగ్గేసి, బండికి బొట్లు పెడుతున్నాను. స్టీరింగు మీద ఆ పుర్రె బొమ్మ నన్నే చూత్తన్నాది. దేవుడి రోజు పుర్రేటి, ఇంటికి అరిష్టం అనుకున్నాను. విప్పేసి బియ్యం డ్రమ్ము వెనక తోసేసేను. దాని తీగె గట్టిగా ఉంటే, ఆ తీగెతోనే బంతిపూల దండ స్టీరింగుకి బిగించేను. ఎంత ముచ్చటగా ఉందో అని రెండడుగులు వెనక్కేసి చూసుకున్నాను కూడా.

బజారులో రద్దీ. అప్ప వచ్చేసరికి పంతులు పీట మీద కూచున్నాడు. ప్రసాదానికి పొయ్యి మీదున్న కిచిడీ మాడకుండా చూసి, చీర మార్చుకుని పరిగెత్తుకొచ్చి నిలబడింది. హారతైంది, కాయ కొట్టేరు. బస్తీ సగం మా పెరట్లోనే ఉంది, జయప్రకాష్ ఇస్త్రీ చొక్కా ఏసుకుని ముందు వరసలో. స్టీరింగు మీద రేకు కనపడక, పనైపోయిందనే అనుకుని అప్ప ఎక్కి తాళం తిప్పింది. ఇంజను గొట్టంలో మిగిలిన చుక్కలకి రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. ఈసారి ఆ దగ్గూ లేదు.

జయప్రకాష్ చెయ్యి చాపేడు. "చాబీ దే దో, చాచీ" అన్నాడు, తాళం ఇచ్చెయ్ పిన్నీ అని. మాట మెత్తగానే ఉంది, అదే ఇంకా మండింది నాకు. బావ నేల చూపులు చూత్తన్నాడు. అప్ప తాళం బయటికి లాగింది. లాగి, దండ వైపు చూసి ఆగిపోయింది. దండ కట్టిన తీగె ముడి పట్టుకుని వేలితో తిప్పింది.

"ఈ తీగె నా రేకుది. రేకేదీ?"

నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. ఆవిడ మతిమరుపు మీద పోతాది, నా పరువు నిలుత్తాది. ఆ ఒక్క క్షణం అలాగే నిలబడ్డాను, అది దాయను. అప్ప చేతిలో తాళం చూసి ఇంక ఆగలేకపోయాను. నేనే విప్పేను అప్పా, పుర్రె బొమ్మని విప్పేసేను అన్నాను. డ్రమ్ము వెనక నుంచి తెచ్చి ఇచ్చేను. ఆవిడ వెనక్కి తిప్పి సుద్ద రాత చదివింది. తిట్టలేదు. రేకు మళ్ళీ నా చేతిలో పెట్టింది. ఎక్కడ విప్పేవో అక్కడే కట్టమంది.

కట్టేను, పూల మీద, దేవుడి ఎదురుగా, అందరూ చూత్తుండగా. అప్ప దిగి నేరుగా పటం కాడికెళ్ళి, కుంకం పెట్టిన పది నంబరు పానా తీసింది. అప్పటికి గానీ బావ నోరు లేవలేదు. పూజ రోజు పనిముట్టు ముట్టుకుంటావేటి, ఇల్లు నాశనం చేత్తావా అన్నాడు. పంతులు కూడా తప్పమ్మా అన్నాడు.

అప్ప పానా దించలేదు.

"రేకు ఉందంటే పని అవలేదు. పని అవకుండా పూజ మొదలెట్టింది మీరు, నేను కాదు" అంది. తరవాత మొగుడి వైపు తిరిగి, "ఇరవయ్యేళ్ళు ఫర్నేసు పక్కన వెల్డింగు చేసేవు. ఈ రోజు ఫర్నేసు ఆపేరేటి?" అని అడిగింది.

బావ పక్కకి తప్పుకుని తోవిచ్చేడు. ఏ ఏడూ ఆపలేదు, పండగ పూట తనే ఎన్ని డూటీలు చేసేడో ఆయనకి తెలీదా.

అప్ప డీజిలు కాక్ తెరిచింది. ఫిల్టరు నెత్తిన ఉన్న స్క్రూ వదులు చేసి, చిన్న మీట చేత్తో కొట్టడం మొదలెట్టింది. మొదట నురగొచ్చింది, కొంచెంసేపటికి బుడగలొచ్చేయి, ఆఖర్న చుక్క నురగ లేని డీజిలు కారింది. స్క్రూ బిగించింది. పట్టుచీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది, పాడైపోతాదే అనబోయి నోరు కట్టుకున్నాను. పైకెక్కి, తన చేత్తో తనే రేకు విప్పి ఒళ్ళో పెట్టుకుని, తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే లేచింది. గొట్టంలోంచి నల్ల పొగ ఒక్కసారి ఎగిరి, తరవాత తేటపడి నిలిచింది. నాకు ఏడుపొచ్చేసింది, సిగ్గుకో సంతోషానికో చెప్పలేను. జయప్రకాష్ చాపిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అప్ప బండి మీద నుంచే వాడిని పిలిచి, కిచిడీ తినేసి వెళ్ళమంది. తాళం మాత్రం మొలలో దోపుకుంది.

ఆ ఏడాది మళ్ళన్నీ అదే దున్నింది. ఇప్పుడు అప్ప చీర పరిస్తే రెండో పానా నాది, గ్రీజు నేనే పెడతాను. బావ టీ కొట్టు మార్చేసేడు. రేకు వెనక ఈ మధ్యన రంగుతో పేర్లు రాసుకున్నాం, పైన జగదాంబ, కింద సూరమ్మ. నా పేరు నేనే రాసేను, వంకరగా వచ్చింది, రానీ. పుర్రె బొమ్మ అలాగే ఉంది. ఇంక ఎవడొచ్చి విప్పుతాడో నేనూ చూత్తాను.