పుదీనా చప్పుడు

దుబాయిలో ఒక హోటల్ బారులో పన్నెండేళ్లు చేసి ఎల్లారెడ్డికి తిరిగొచ్చిన భీమేష్ పుదీనాను నలపడు, నలిపితే చేదంటాడు. ఆకులు అరచేతిలో పెట్టుకొని రెండో చేత్తో టప్పుమని కొట్టి, నిమ్మరసం, రమ్ము కలిపిన గ్లాసులో వేస్తాడు. “మా తమ్ముడు మందుకు గూడ చప్పట్లు కొడ్తడు,” అని అన్న పర్శరాములు నవ్వేవాడు.

ఆ అన్న పోయిన మూడోనాడు విస్తరిలో ముద్ద వేసి పిట్టకు పెట్టారు. గంటైనా కాకి రాలేదు. “నువ్వు కలిపిన గలాస లేకుంటె మీ అన్న ముద్ద ముట్టడు,” అంది వదిన దేవవ్వ. భీమేష్ రమ్ము పోసి, నిమ్మకాయ పిండాడు. అప్పుడే ఒక కాకి దిగి, విస్తరి వైపు గెంతింది. అతడు తల ఎత్తకుండా, అలవాటుగా, ఆకుల మీద టప్పుమని కొట్టాడు. కాకి ఎగిరిపోయింది. “మల్ల వస్తడు తియ్యి. నీ చప్పుడు ఆయనకు ఎరుకే గద,” అంది వదిన. భీమేష్ కలిసిన అరచేతులు విడదీయలేదు.