లాడ్జి కంప్యూటర్లో శకుంతలమ్మ

తిరుపతి రైల్వే స్టేషన్ ఎదురు సందులో మా లాడ్జి. నేను కౌంటర్లో తాళాలిచ్చేదాన్ని. హరినాథ్ అక్కడ కంప్యూటర్ ప్రోగ్రాము రాసినవాడు, మంచి పిల్లవాడు. 2004లో అతనికి చిత్తూరులో ఒక పాలడెయిరీలో ఉద్యోగం వచ్చింది. భార్య మహిత అక్కడే నర్సు. పెళ్లయినప్పటి నుంచి ఆమె అక్కడ, ఇతను ఇక్కడ. నెలాఖరులోగా చేరాలి. ఇక్కడ పని వదిలినట్టు మా ఓనరు సంతకం పెట్టిన కాగితం లేకుండా డెయిరీవాళ్లు చేర్చుకోరు.

ఓనరు పరంధామయ్యది ఒకటే మాట. "పనంతా ఇంగొకరికి నేర్పిచ్చి పో అబ్బా. నేనేమన్నా కట్టేసినానా?"

కట్టేసింది పేర్లు. కంప్యూటర్లో గదులకొక పట్టిక, యాత్రికులకొక పట్టిక ఉంటాయి. ఒక్కో పట్టికను చూసుకునేందుకు ప్రోగ్రాములో క్లాసు అని ఒక భాగం ఉంటుందట. గదుల పట్టికకు 'గది' అని క్లాసు పెడితే ఎవరు చూసినా తెలుస్తుంది, అదే పద్ధతి. కానీ మొదట్లో ఓనరు ముచ్చటపడి ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టమంటే, ఇతనూ నవ్వుకుని పెట్టేశాడు. గదులకు ఓనరు తల్లి శకుంతలమ్మ, యాత్రికులకు తమ్ముడు బాలచంద్ర. అలా మేనత్తల దాకా పోయింది.

నేర్చుకోవడానికి వచ్చిన స్రవంతి తల పట్టుకుంది.

"అన్నా, శకుంతలమ్మను బాలచంద్రతో కలిపితే బిల్లు వస్తాదా? పెండ్లింట్లో సుట్టాల్ని సూపిస్తా ఉన్నట్టుండాది!"

"ఆగు తల్లీ, పేర్లన్నీ మార్చేస్తా."

ఆ మాట ఓనరు చెవిన పడింది. "మాయమ్మ పోయి ఏడాది కాలేదు. సచ్చినోళ్ల పేరు పుట్టిన బిడ్డకు పెడ్తారు గానీ యాడన్నా కొట్టేస్తారాప్పా?"

హరినాథ్‌కు పేర్లు అలాగే ఉంచక తప్పలేదు. మర్నాటి నుంచి స్రవంతి రాలేదు. ఇంకొన్నాళ్లు ఆగమని అతను ఫోన్ చేస్తే, "ఆ శకుంతలమ్మతోనే కాపరం సేసుకో" అని మహిత పెట్టేసిందట.

నెలాఖరు రోజు సంచి సర్దుకుని కౌంటర్ దగ్గరికి వచ్చాడు. "సంతకం పెట్టండి సామీ, బస్సుకు టైమైంది."

పరంధామయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. కళ్లలో నిజంగానే నీళ్లు. "ఉతికేదానికి పోయే దుప్పట్లకు ఇంగో పట్టిక కావాల గదా. దానికి నీ పేరే పెట్టుకో. ఇంగ నువ్వు గూడా మా ఇంటోడివే. యాడికి పోతావు?"

సంతకం మాట ఆయన ఎత్తలేదు. హరినాథ్ సంచి నా కుర్చీ కింద పెట్టి, మెట్లెక్కి పైన కంప్యూటర్ గదికి వెళ్లాడు.

సాయంత్రం కంప్యూటర్లో దుప్పట్ల లెక్క మొదలైంది. బస్సు అప్పటికే పోయింది.