స్పందన గడి

డెబ్బయ్యవ దశకం చివరి సంవత్సరాలలో నేను అరకులోయకు ఎగువనున్న ఒక ఆశ్రమ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేస్తూ, మైదానంలోని ఒక విద్యాపీఠంలో బౌద్ధ అధ్యయనాలలో స్నాతకోత్తర పట్టా కోసం చదివాను. మొదటి సంవత్సరం సెలవు పెట్టి అక్కడే ఉండి చదవాలి. రెండవ సంవత్సరం ఉద్యోగం చేసుకుంటూనే పరిశోధన వ్యాసం రాసి సమర్పించవచ్చు. ఆ చదువులో పాలి గ్రంథాలతో పాటు ధ్యానం, ఆక్యుపంక్చర్ కూడా పాఠ్యాంశాలు. ఈ మూడూ ఒకచోట ఎలా చేరాయని అప్పట్లో నన్ను చాలామంది అడిగారు. పూర్వం విహారాలలో భిక్షువులు రోగులకు సేవ చేసేవారు గనుక, బౌద్ధం చదివినవాడికి ఏదో ఒక వైద్యం చేతనై ఉండాలని మా ఆచార్యుల అభిప్రాయం. అది నాకు సబబుగానే తోచింది.

ధ్యానం తరగతిలో ఆచార్యులు ఒక్కొక్కరినే పిలిచి, "శ్వాస ముక్కు కొసన తెలుస్తోందా?" అని అడిగేవారు. "తెలుస్తోందండీ" అనేవాణ్ణి. నిజానికి నాకేమీ తెలిసేది కాదు. గంట మోగేవరకు మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ కదలకుండా కూర్చునేవాణ్ణి. నా నిశ్చలత్వాన్ని ఆయన మిగిలినవారికి ఆదర్శంగా చూపించారు.

ఆక్యుపంక్చర్ నేర్పిన డాక్టరుగారు ఆ విద్యను కలకత్తాలో అభ్యసించి వచ్చినవారు. సూది సరైన బిందువులో సరైన లోతుకు దిగితే రోగికి అక్కడ బరువుగానో, తిమ్మిరిగానో, నరం లాగినట్టుగానో తెలుస్తుందనీ, అలా తెలియకపోతే సూది పెట్టనట్టే లెక్క అనీ ఆయన పదే పదే చెప్పేవారు. అందుచేత రెండవ సంవత్సరంలో మేము సమర్పించవలసిన ముప్పైమంది రోగుల రికార్డులో, ప్రతి పూటకూ ఎదురుగా 'స్పందన' అని ఒక గడి ఉండేది. అడుగున రోగి సంతకమో వేలిముద్రో ఉండాలి. ఆ రికార్డు లేనిదే పట్టా లేదు.

సెలవు ముగిశాక సూదుల పెట్టెతో కిరండూల్ వెళ్లే రైలు ఎక్కి పాఠశాలకు తిరిగి వచ్చాను. సామాను గది ఖాళీ చేయించి, సున్నం వేయించి, ఒక బల్ల, స్పిరిట్ దీపం, రెండు స్టూళ్లు అమర్చుకున్నాను. సంతరోజున చుట్టుపక్కల ఊళ్ల నుంచి మోకాళ్ల నొప్పులవాళ్లు, భుజాలు పట్టేసినవాళ్లు వచ్చేవారు. వరుసలో కూర్చోబెట్టి ఒక్కొక్కరినే పిలిచేవాణ్ణి. సూది గుచ్చి, "తిమ్మిరి వచ్చిందా?" అని అడిగేవాణ్ణి. "వచ్చింది బాబూ" అనేవారు. ఎవరైనా రాలేదంటే సూదిని మరికాస్త తిప్పి, గొంతు పెంచి మళ్లీ అడిగేవాణ్ణి. అప్పుడు వచ్చేది. రెండు నెలలు గడిచేసరికి అప్పటిదాకా రాసిన స్పందన గడులలో ఒక్కటీ ఖాళీ లేదు. సాయంత్రం ఆ పుటలు తిరగేస్తుంటే నాకు తృప్తిగా ఉండేది.

మా పాఠశాలలో వంట చేసే ఆమెకు అప్పటికి నలభై ఏళ్లుంటాయి. ఆ కొండల మనిషే. భర్త పోయాక వంటశాలలో చేరింది. కుడి మోచేతి నుంచి చిటికెన వేలి దాకా నొప్పిగా ఉందనీ, గరిటె చేయి జారిపోతోందనీ వచ్చింది. నా రికార్డులో ఇరవై రెండవ రోగి. వారానికి రెండు పూటల చొప్పున మోచేతి దగ్గరా, అరచేతి అంచునా సూదులు పెట్టాను.

మొదటిరోజు వేలిముద్ర వేయమన్నప్పుడు ఆమె నవ్వింది. "దిసారి కోడినడుగుతాడు, మీరు వేలిముద్రడుగుతారు. అంతే కదా తేడా, మాస్టారూ?"

దిసారి అంటే ఆ ఊళ్లలో రోగాలు చూసి, మంచిరోజు చెప్పే పూజారి. ఆ పోలిక నాకు రుచించలేదు. "నవ్వులాట కాదు. చెయ్యి కదపకు. తిమ్మిరి వచ్చిందా?" అన్నాను. రాలేదంది. సూది తిప్పి, గొంతు పెంచి మళ్లీ అడిగాను.

"వచ్చీసింది మాస్టారూ."

నాలుగు నెలల తరువాత నొప్పి పూర్తిగా పోయిందని చెప్పింది. 'ఉత్తమ ఫలితం' అని రాసి, కింద గీత గీశాను.

ఆ వానాకాలంలో కుష్ఠు నివారణ శాఖ నుంచి ఒక ఉద్యోగి పిల్లలను పరీక్షించడానికి వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి. సైకిలు కిందే వదిలి కొండ నడిచి ఎక్కాడు. పిల్లలను చూడడం ముగించి వంటశాల అరుగు మీద భోజనానికి కూర్చున్నాడు. ఆమె అన్నం వడ్డిస్తుండగా అతని చూపు ఆమె వేళ్ల మీద నిలిచింది. వేళ్ల కణుపుల మీద కాలిన మచ్చలున్నాయి. కొన్ని పాతవి, ఒకటి ఇంకా పచ్చిగా ఉంది. అతడు విస్తరి పక్కకు జరిపి లేచాడు.

"ఇది ఎప్పుడు కాలింది తల్లీ?"

"ఏమో బాబూ. సూసుకోనేదు."

అతడు ఆమెను నా గదిలో, నా స్టూలు మీదే కూర్చోబెట్టాడు. జేబులోని కలం తీశాడు. "కళ్లు మూసుకో. నేను ముట్టినచోట ఎడం సేతి వేలెట్టి సూపించు. నోటితో ఏటీ సెప్పకు."

ముంజేతి మీద ముట్టాడు. ఆమె సరిగా చూపించింది. జబ్బ మీద ముట్టాడు. చూపించింది. చిటికెన వేలి మీద, ఉంగరపు వేలి మీద, అరచేతి అంచున ముట్టాడు. ఆమె కళ్లు మూసుకుని అలాగే కూర్చుని ఉంది. మరోసారి గట్టిగా నొక్కాడు. చెయ్యి కదలలేదు. ఆపైన అతడు కలాన్ని గాలిలోకి ఎత్తి పట్టుకున్నాడు. దేనినీ ముట్టలేదు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం ఆమెకు ఇబ్బంది కలిగించినట్టుంది. కళ్లు మూసుకునే ముఖం నా వైపు తిప్పి, "వచ్చీసింది మాస్టారూ" అంది.

అతడు నా వేలిని పట్టుకుని ఆమె మోచేతి వెనుక పెట్టాడు. అక్కడ నరం నులకతాడులా ఉబ్బి ఉంది. నేను నాలుగు నెలలు సూది గుచ్చిన బిందువు దానికి అంగుళం దూరంలో ఉంది. ఆ బిందువుకు కాస్త పైన రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ. ప్రతిసారీ స్పిరిట్‌తో ఆ మచ్చ మీదుగానే తుడిచాను. ఎండకు వచ్చినదనుకున్నాను.

"ఇన్నాళ్లూ సూదులేసినారా?" అని అతడు నన్ను అడిగాడు. "ఈ నాలుగు నెలలూ మాత్రలు పడుంటే ఈ నరం బతికుండునేమో. ఇప్పుడు మాత్రలిస్తాను, రోగం ఆగుతాది. రెండు వేళ్లు వంగడం మొదలెట్టీసాయి. వాటికి మాత్రం మాటివ్వలేను. మీరు అడిగితే ఇక్కడెవరు కాదంటారు మాస్టారూ? అసలు అడగడమే తప్పు."

ఆ క్షణంలో నాకు ఏమీ అనిపించలేదు. సిగ్గు గాని, దుఃఖం గాని కలగలేదు. మధ్యాహ్నం బడి గంట ఐదు నిమిషాలు ఆలస్యమైందని మాత్రం గమనించాను.

అతడు వెళ్లాక ఆమెను అడిగాను. "తెలియనప్పుడు తెలిసిందని ఎందుకన్నావు?"

"మొదట్లో రాలేదనే అన్నాను గదా. మీరు సూది తిప్పీసి తిప్పీసి, రాకపోవడమేటని గదమాయించీసారు. రాలేదంటే మళ్లీ పొడుత్తారు. వచ్చిందంటే పుస్తకంలో రాసుకుంటారు, మీ మొకం సల్లగుంటాది. ఇంకేటి సెప్పమంటారు?"

"మరి నొప్పి తగ్గిందన్నావు."

"నొప్పి తగ్గింది మాస్టారూ. అది మాత్రం నిజమే."

నొప్పి తగ్గడానికి కారణం నరం చచ్చిపోవడమని ఆమెకు అప్పుడు చెప్పలేదు. తరువాతి సంతకు వచ్చిన పాత రోగులు ముగ్గురిని కళ్లు మూసుకోమని, సూదిని చర్మానికి తాకించకుండా పట్టుకుని అదే ప్రశ్న అడిగాను. ముగ్గురూ "వచ్చింది బాబూ" అన్నారు. ఆనాటితో ఆ గది మూసి తాళం వేశాను.

జరిగినదంతా ఆచార్యులకు ఉత్తరం రాశాను. రికార్డు సక్రమంగా ఉన్నదనీ, వేలిముద్రలన్నీ ఉన్నాయనీ, ఒక్క రోగి విషయం ప్రత్యేకంగా రాసి జతచేసి సమర్పించవచ్చుననీ జవాబు వచ్చింది. నేను ముప్పైమంది విషయమూ రాసి, ఒక పుట జతచేశాను. మౌఖిక పరీక్ష నాడు బయటినుంచి వచ్చిన పరీక్షకుడు రికార్డు తిరగేసి, దస్తూరిని మెచ్చుకున్నారు. ఆ పుట వచ్చినప్పుడు రెండు కాగితాలు కలిపి తిప్పేశారు. "అయితే స్పందన అందరిలోనూ కలిగిందన్నమాట?" అన్నారు. నా ఆచార్యులు పక్కనే కూర్చుని నా వైపు ప్రసన్నంగా చూస్తున్నారు. నేను "అవునండీ" అన్నాను. ఎందుకన్నానో వివరించడానికి తరువాతి సంవత్సరాలలో చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుణ్ణయ్యాను.

పాఠశాలకు తిరిగి వచ్చినరోజున ఆమె వంటశాల గుమ్మంలోనే ఆపి అడిగింది. "పాసయ్యారేటి మాస్టారూ?"

"అయ్యాను."

"నా వేలిముద్ర పనికొచ్చిందన్నమాట" అని నవ్వింది.

ఆమెను వంట మాన్పించవలసిన పని లేదనీ, మాత్రలు మొదలుపెట్టాక రోగం ఎవరికీ అంటదనీ ఆ ఉద్యోగి చెప్పి వెళ్లాడు. వేడి గుండిగ దింపే పనిని మరొకరికి అప్పగించాను. తెల్లమాత్ర రోజూ నా ఎదుటే వేసుకునేది. పిల్లల భోజనాలయ్యాక చేతిని నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, వంగిన వేళ్లను తొడ మీద చాపి ఒత్తుకోవాలి. ఆపైన కొత్త దెబ్బలేమైనా ఉన్నాయేమో ఎవరో ఒకరు చూడాలి, ఎందుకంటే ఆమెకు తెలియదు. ఆ పని నేను తీసుకున్నాను. ఆ రెండు వేళ్లూ తిరిగి నిటారు కాలేదు. మిగిలిన మూడూ నిలిచాయి.

నాకు బదిలీ అయ్యేవరకు రోజూ ఆ అరుగు మీద కూర్చుని, ఆమె చేతిని వెలుతురుకు తిప్పి చూసేవాణ్ణి. ఎలా ఉందని అడిగేవాణ్ణి కాదు. ముందు అరచేయి, తరువాత వేళ్ల సందులు, చివర గోళ్ల చుట్టూ. ఆ వరుస తప్పనిచ్చేవాణ్ణి కాదు. ఆమె ఆ సమయంలో వేరే ఎటో చూస్తూ, పిల్లలను కేకలేస్తూ ఉండేది. చాలా రోజులు ఏమీ కనిపించేది కాదు. ఒకరోజు చిటికెన వేలి మొదట్లో శనగగింజంత బొబ్బ కనిపించింది. ఉదయం చోడి అంబలి కాచినప్పటిది కాబోలు. ఆమె పిల్లలతో మాట్లాడుతూనే ఉంది. ఆ చేతిని అలాగే పట్టుకుని, ఉతికిన గుడ్డ ఒకటి తెమ్మని లోపలికి కబురు పంపాను.