అర్జునరావు పేరు మీద ఆగిన ఓడ

జగ్గారావు గోడౌను నుంచి పరుగున వచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"గౌరమ్మా, ఓపాలి రా. ఎరువుల ఓడ లెక్క తెరుత్తుంటే, అర్జునరావు వాడతన్నాడు, ఆగమంటంది మెషీను."

అర్జునరావు పోయి, పెద్దకర్మ కూడా అయిపోయింది.

వైజాగ్ పోర్టు పక్కన సరుకు దించే ఓ కంపెనీలో, ఎనభై ఏడులో, గౌరీశ్వరి పెద్ద మెషీను చూసుకునేది. ఇవాళ సర్వర్ అంటున్నామే, అదే. చల్లటి గదిలో ఒక్కటే ఉండేది. గోడౌన్లలో, జెట్టీ షెడ్డులో ఉన్నవి ఒట్టి తెరలూ మీటలూ. ఎవరేం కొట్టినా వైరు మీద ఈ గదికే వచ్చేది. అందరికీ ఇదే జవాబిచ్చేది. ఒకరు సగం రాసినదాన్ని ఇంకొకరు చెరపకుండా ఇదే కాపలా కాసేది.

అర్జునరావు జెట్టీ షెడ్డులో ఆ లెక్క కొడుతూ, బయట కేకలు విని లేచి వెళ్ళాడు. క్రేను రోపు తెగి మీద పడింది. తరవాత అక్కడ కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోక ఆ తెరను పీకి మూలన పెట్టారు. పీకిన సంగతి మెషీనుకు తెలియదు. పని అయిపోయిందని అతను చెప్పలేదు గనక అతని కోసమే ఆగి ఉంది.

గౌరీశ్వరి ఇదంతా చెప్పింది.

"తీసెయ్యమ్మా, ఒళ్ళు జలదరిత్తంది," అన్నాడు జగ్గారావు.

"రేపు," అంది.

ఒక్క వరస కొడితే పోయే పేరు. రోజూ పొద్దున్నే, మద్దిలపాలెంలో బస్సెక్కి వచ్చి కూర్చోగానే, పనిలో ఉన్నవాళ్ళ జాబితాలో ఆ పేరు ఆమెకు కనిపిస్తూనే ఉంది. అన్నయ్యా అని పిలిచిన మనిషి. మెషీను హోరులో వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టుండేది. తిరిగి చూసేది.

ఆ వారమే అతని భార్య నారాయణమ్మ భర్త అన్నం కేరేజీ తీసుకెళ్ళడానికి ఆఫీసుకు వచ్చింది. గౌరీశ్వరి దాచలేకపోయింది.

"ఇదిగో వదినా, అన్నయ్య పేరు. ఇంకా షెడ్డులోనే ఉన్నాడనుకుంటంది మెషీను."

నారాయణమ్మ తెర మీద అరచెయ్యి పెట్టింది. "నానూ అలగే అనుకుంటన్నానమ్మా. పోర్టు సైరన్ మోగితే ఆయనకీ బియ్యం పోసేత్తన్నాను."

చెయ్యి తీసి అడిగింది. "పేరు తీసేత్తే ఏటవుద్ది?"

"ఆయన సగం కొట్టింది పోద్ది. మళ్ళీ మొదట్నుంచి కొట్టాలి."

"అయితే నువ్వే కొట్టమ్మా. ఇంకొకలొద్దు."

గౌరీశ్వరి ఆ వరస కొట్టింది. పేరు పోయింది.

"అయిపోనాదా?" అంది నారాయణమ్మ. "సప్పుడేటీ రాలేదే."

కేరేజీ కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు, తను కూర్చుంటానని గౌరీశ్వరి చెప్తే, షెడ్డులో తెర మళ్ళీ బిగించారు. ఒక్కతే కూర్చుని ఓడ లెక్కంతా మొదటినుంచి కొట్టి ముగించింది. ఆ తరవాత కంపెనీ అక్కడికి ఎవరినీ వేయలేదు. పని పడినప్పుడల్లా ఆమే వెళ్ళేది. అతని కుర్చీని కదపకుండా, దాని పక్కన స్టూలు వేసుకుని కొట్టేది.