టౌన్‌హాలుకు బొట్టు పిలుపు

పోయిన వారం మావారి ఫోన్‌కి ఒక పెళ్ళిపిలుపు వచ్చింది. సన్నాయి వినిపిస్తూ ఉంటే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ బొమ్మలై నడిచి వస్తారు, చివర్లో ఒక కుంకుమ భరిణె దానంతట అదే తెరుచుకుని, ‘బొట్టు పెట్టి పిలిచినట్టుగా భావించి రాగలరు’ అని అక్షరాలు పడతాయి. మావారు అది రెండుసార్లు చూసి నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ సాయంత్రమంతా నా మనసు ఒకప్పుడు మా ఊరి టౌన్‌హాల్లో జరిగిన సభ చుట్టూనే తిరిగింది. పెళ్ళికాక ముందు నుంచీ డైరీ రాసే అలవాటు నాది. ఆ ఏటి డైరీ తీసి చూస్తే వాన పడిందీ లేనిదీ, వండిన కూరా, ఆఫీసుకు చేరిన వేళా అన్నీ వరసగా ఉన్నాయి, ఆనాటి సంతోషం మాత్రం వాటిలోకి ఎక్కలేదు. అందుకని, నా ఈడువాళ్ళు చదువుకుంటారని, ఇప్పుడు రాస్తున్నాను.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో, నార్త్ కెరొలైనాలో క్యారీ పక్కనున్న మా ఊరి టౌన్‌హాల్లో, ప్లానింగ్ విభాగంలో గుమాస్తాగా ఉండేదాన్ని. ఊళ్ళోని రోడ్లూ పార్కులూ లైబ్రరీలూ అన్ని జాతుల వాళ్ళకూ, మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళకూ సమానంగా అందుతున్నాయో లేదో చూడమని కౌన్సిల్ అప్పుడే ఒక కమిటీ వేసింది. ఆ పనికి మా విభాగం నుంచి నన్నూ, నాకంటే కొన్నేళ్ళు పెద్దదైన ఒక నల్లజాతి ఆవిడనూ పెట్టారు. ఆవిడను నేను మొదటి నుంచీ అక్కా అనే పిలిచేదాన్ని. ఆ మాటకు అర్థం తెలిశాక ఆమె ఎంత మురిసిపోయిందంటే, మా పైఅధికారి చేత కూడా కొన్నాళ్ళు అలాగే పిలిపించుకుంది.

అక్క పుట్టి పెరిగింది రైలు పట్టాలకు అవతల ఉన్న పాత పేటలో. అక్కడి నుంచి లైబ్రరీకీ చర్చికీ వెళ్ళే రోడ్డుకు కాలిబాట లేదు, పక్కన గడ్డీ మురుగుకాలవా ఉండేవి. ఎనభై దాటిన అక్క వాళ్ళమ్మ కారు నడిపేది కాదు, ఎవరైనా తీసుకెళ్తామంటే ఒప్పుకునేదీ కాదు. చేతిసంచీలో లైబ్రరీ పుస్తకాలు వేసుకుని ఆ కాలవ గట్టునే నడిచి వెళ్ళేది. వెనక నుంచి లారీలు దూసుకుపోతుంటే అక్కకు ఆఫీసులో కాలు నిలిచేది కాదు. అదే రోడ్డు మీద, ఇంకొంచెం ముందు, మన తెలుగు పిల్లలు అద్దెకుండే అపార్ట్‌మెంట్లు ఉండేవి. భర్త కారు తీసుకుని ఆఫీసుకు పోయాక, పనిచేసే వీసా లేని ఆడపిల్లలు పసిపిల్లలను స్ట్రోలర్లలో పెట్టుకుని ఆ గడ్డిలోనే తోసుకుంటూ వచ్చేవాళ్ళు. కాలిబాట వెయ్యాలన్న ప్రతిపాదన ఏటా కౌన్సిల్ ముందుకు వచ్చేది, ఎవరూ అడగడం లేదు కదా అని ఏటా వెనక్కి పోయేది. ఆ ఏడాది మూడుసార్లు జనం మాట వింటామనీ, అప్పటికీ ఎవరూ రాకపోతే ఆ నిధులు ఆటస్థలం దగ్గర కార్ పార్కింగ్ పెంచడానికి ఇచ్చేస్తామనీ ముందే చెప్పారు.

పద్ధతిగా పనిచెయ్యడం నా స్వభావం. మొదటి సభకు తెలుగులో, హిందీలో, స్పానిష్‌లో, ఇంగ్లీషులో కాగితాలు అచ్చువేయించి, మ్యాపు గీయించి, ప్రతి తలుపు దగ్గరా పెట్టించాను. హాల్లో ఎప్పుడూ వచ్చే పెద్దమనుషులే నలుగురు కూర్చున్నారు. రెండో సభకు రంగు కాగితాలు వేయించాను. అదే నలుగురు వచ్చారు, అందులో ఒకాయన కునుకు తీశాడు. మిగిలింది ఒక్కటే సభ.

ఆ వారాంతం ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర ఒక అమ్మాయి పలకరిస్తే, సభకెందుకు రాలేదమ్మా అని అడిగాను.

“ఆ ఫ్లయర్ చూశాను ఆంటీ. పిజ్జా కూపన్లతో పాటు డోర్ దగ్గర పడుంది. మమ్మల్ని కాదేమో అనుకున్నా. ఎవరూ వచ్చి పిలవలేదు కదా.”

ఆ మాట విని కరివేపాకు కొనకుండానే ఇంటికి వచ్చేశాను. నిజమే, మన ఇళ్ళల్లో అచ్చువేసిన కాగితం ఎప్పుడు పిలుపైంది గనక? పెళ్ళికైనా పేరంటానికైనా ఇంటికి వెళ్ళి, బొట్టు పెట్టి, పేరుపేరునా రమ్మని చెప్పకపోతే, పక్కింటివాళ్ళు కూడా మన గడప తొక్కరు. సోమవారం ఈ సంగతి చెబితే అక్క నవ్వి, తమ పేటలోనూ అంతేననీ, వసారాలో కూర్చుని చల్లటి టీ తాగి, ఇంటిల్లిపాది ఆరోగ్యం అడిగాక గానీ అసలు విషయం ఎత్తకూడదనీ చెప్పింది. ఇద్దరం కలిసి రెండుచోట్లా తిరగాలని నిశ్చయించుకున్నాం. మావారు కారు నడిపారు, నా ఒళ్ళో కుంకుమ భరిణె.

ముందు పాత పేటకు వెళ్ళాం. వసారాలో అక్క వాళ్ళమ్మ నా చేతిలోని భరిణె ఏమిటని అడిగి, మా ఆచారం సాంతం విని, నుదురు ముందుకు చాచింది. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళైంది. మన లెక్క ప్రకారం పెట్టకూడదు. నా వేలు ఒక్క క్షణం గాలిలో ఆగింది.

“ఏం పిల్లా, నన్ను పిలవడం లేదా?” అంది ఆవిడ.

పెట్టాను. ఆ ముడతల నుదుటి మీద కుంకుమ ఎంత నిండుగా ఉందో. అప్పటి నుంచి ఆ లెక్క నేను మళ్ళీ చూసుకోలేదు. మర్నాడు అపార్ట్‌మెంట్లలో నన్ను చూసి వంటింట్లోకి తప్పుకున్న ఒక పెద్దావిడను, కూతురి పురిటికి వచ్చినావిడను, పేరు కనుక్కుని బయటికి పిలిచి మరీ బొట్టు పెట్టాను. ఆవిడ నా చెయ్యి కాసేపు వదల్లేదు.

ఇంకో ఇంట్లో తలుపు తీసిన కుర్రాడు మర్యాదగానే వాదించాడు.

“అమెరికాలో నడిచేదెవరు ఆంటీ? ఇక్కడ కుక్కని కూడా కార్‌లోనే తీసుకెళ్తారు.”

లోపలి నుంచి భార్య గొంతు వినిపించింది. “ఆ కుక్కకున్న అదృష్టం కూడా నాకు లేదు ఆంటీ. పొద్దున్నే కార్ కీస్ ఈయన జేబులో ఆఫీస్‌కి వెళ్ళిపోతాయి. నేను వస్తా, బొట్టు పెట్టండి.”

సభ ముందురోజు గానీ నాకు ఒక సంగతి తట్టలేదు. బొట్టు పెట్టి పిలిచినవాళ్ళను తాంబూలం ఇవ్వకుండా ఎలా పంపుతాం? మావారూ నేనూ ఊళ్ళో ఉన్న అరటిపళ్ళన్నీ కొన్నామేమో, సంచులు కడుతూ కూర్చున్నాం. ఆయన తమలపాకులు తుడుస్తూ, “నువ్వు పిలిచింది మీటింగుకా, నోముకా?” అని అడిగారు. “ఏమో, రేపు చూద్దామండీ” అన్నాను.

ఆ సందేహం వచ్చినవాళ్ళకూ ఉన్నట్టుంది. సాయంత్రం టౌన్‌హాలు ముందు కార్లు వరస కట్టాయి, వాటిలోంచి మన ఆడపిల్లలు పట్టుచీరలతో, నగలతో, లంగాజాకెట్లు తొడిగిన పిల్లలతో దిగారు. వెనక పిల్లల సంచులు మోస్తూ మగవాళ్ళు, కుక్క మాట అన్న కుర్రాడితో సహా. పాత పేటవాళ్ళు చర్చికి వేసుకునే టోపీలతో, కోట్లతో వచ్చారు. ఎవరి పట్టు ఎక్కడిదని వాళ్ళు, ఎవరి టోపీ ఎక్కడిదని వీళ్ళు అడుగుతుంటే హాలంతా పెళ్ళివారి విడిదిలా మోగింది. మేయరుగారు తలుపు దగ్గరే ఆగిపోయి, పెళ్ళికి హాలు అద్దెకిచ్చామా అని గుమాస్తానైన నన్నే అడిగారు.

ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఇండియాలో బ్యాంకు ఉద్యోగం చేసిన ఒక అమ్మాయి, లైబ్రరీలో పుస్తకం మార్చుకోవడానికి కూడా ఇక్కడ సాయంత్రం కారు ఇంటికి వచ్చేదాకా ఎదురుచూడాల్సి వస్తోందని చెప్పింది. పురిటికి వచ్చిన పెద్దావిడ తెలుగులో మాట్లాడితే నేను ఇంగ్లీషులో చెప్పాను. మనవరాలిని ఎత్తుకుని గడ్డిలో నడుస్తుంటే పాము కనిపించిందనీ, పామును తాను ఏమీ అనననీ, దాని దారిలో నడిచింది తామేననీ ఆవిడ అంటే హాలు ఘొల్లున నవ్వింది. చివరికి అక్క వాళ్ళమ్మ లేచింది. మైకు ఎత్తు సరిచెయ్యబోతే వద్దంది.

“మీరు పుట్టకముందు నుంచీ ఈ ఊళ్ళో పన్ను కడుతున్నాను, కాలవలో నడుస్తున్నాను. ఒక్కసారి బూట్లు తడవకుండా లైబ్రరీకి వెళ్ళాలని ఉంది. నాకు ఎక్కువ టైము లేదు. మూడు నిమిషాల సంగతి కాదు నేను చెప్పేది.”

కౌన్సిల్ ఓటింగులో ఒక్క చెయ్యి కూడా వ్యతిరేకంగా లేవలేదు. అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజు ఒకటి చిట్లింది.

సంచులు పంచుతున్నప్పుడు మేయరుగారు చెయ్యి చాచబోయి, పదవిలో ఉన్నవాళ్ళు కానుకలు తీసుకోకూడదన్న నియమం గుర్తొచ్చి ఆగారు. పక్కనున్న కౌన్సిల్ లాయరుగారు తాంబూలం సంచీ తెరిచి, రెండు అరటిపళ్ళూ ఆకులూ వక్కా పరీక్షగా చూసి, ఇక్కడే తినేస్తే కానుక కిందికి రాదని తేల్చారు. మేయరుగారు అక్కడే నిలబడి రెండు పళ్ళూ తిన్నారు. వక్క నమలబోతే అక్క ఆపింది.

మరుసటి ఏడు కాలిబాట పడింది. రిబ్బన్లూ కత్తెర్లూ ఏమీ లేవు. పనివాళ్ళు అడ్డు తీసిన ఉదయం అక్క వాళ్ళమ్మ శుభ్రంగా తుడిచిన నల్లబూట్లు తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, మమ్మల్ని వెనకే ఉండమని చెప్పి, తిన్నగా లైబ్రరీదాకా నడిచింది. మెట్ల దగ్గర ఆగి, ఒక బూటు ఎత్తి అడుగుభాగం మాకు చూపించింది. ఆ తరువాత కొన్నేళ్ళు, రోజూ కాకపోయినా, ఆవిడ ఆ బాట మీద నడిచింది.

ఇప్పుడావిడ లేదు. అక్క కూతురి దగ్గరికి జార్జియా వెళ్ళిపోయింది, పండగలకు ఫోన్ చేస్తుంది. పాత పేటలో చాలా ఇళ్ళు అమ్ముడుపోయి, వాటి చోట పెద్ద పెద్ద భవంతులు లేచాయి. ఆ వసారాలు లేవు, చల్లటి టీ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళూ లేరు. ఆనాడు పట్టుచీరలతో వచ్చిన పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, ఎవరి కార్లు వాళ్ళకున్నాయి, ఆ రోడ్డు మీదే నన్ను దాటుతూ హారన్ కొట్టి చెయ్యి ఊపుతారు. సంతోషమే, దాని కోసమే కదా అంత తాపత్రయం. అయినా ఆ చేతులు అద్దాల వెనక నుంచి ఊగుతుంటే, ఆనాటి హాలు హోరు ఒక్కసారి వినాలనిపిస్తుంది.

సాయంత్రాలు మావారూ నేనూ అటే నడుస్తాం. ఈ మధ్య ఎవరో కొత్త అమ్మాయి కనిపిస్తోంది, నిన్నగాక మొన్న దేశం నుంచి వచ్చినట్టుంది, స్ట్రోలర్ తోసుకుంటూ ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుతూ వస్తుంది. ఈ బాట రోడ్డుతో పాటే పుట్టిందని ఆమె అనుకుంటుంది కాబోలు. ఆపి అంతా చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెప్పను. ఆమె దగ్గరకు రాగానే మేమిద్దరం గడ్డిలోకి దిగి, దారి ఇస్తాం.