వ్యాక్స్ పూసిన కారుకు బొట్టు

ఈ రోజు ఉదయం మా తమ్ముడు నాచారంలో మా ఇంటి ముందు తన తెల్ల కారుకు వ్యాక్స్ రుద్దుతున్నాడు. చలికాలం మంచుకు ఫ్యాక్టరీల దుమ్ము తడిసి రంగుకు అంటుకుపోతుందట. ఈ పూత ఉంటే నీళ్లు పోయగానే జారిపోతుందట.

నేను శుక్రవారం పూజ ముగించుకుని, ఎప్పటిలాగే బండికి బొట్టు పెడదామని పసుపు కుంకుమల పళ్లెంతో బయటికి వచ్చాను. వాడు చేతులు చాపి బానెట్‌కు అడ్డం నిలబడ్డాడు.

“అక్కా, నీకు దండం పెడతా, ఇయ్యాల వద్దు. నువ్వు పోయినసారి పెట్టిన పసుపు మరక తీసేసరికి నా రెక్కలు పడిపోయినయ్.”

వాడిది రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున పొగమంచులో ఒక్కడే నడుపుకుంటూ వస్తాడు. నా భయం అదే.

“బొట్టు లేకుండా బండి ఎట్ల తీస్తవ్‌రా?”

“వ్యాక్స్ పెట్టిన గద, ఏం గాదు.”

“అది కారు రంగును కాపాడుతది. నిన్నెవరు కాపాడుతరు?”

వాడు చేతిలోని గుడ్డ భుజాన వేసుకుని, నా ముందుకు వచ్చి తల వంచాడు.

“అయితే నాకే పెట్టు. నాకేం పెయింట్ పోదు గద.”

కాలేజీ రోజుల నుంచి నుదుట బొట్టు పెట్టించుకోని మనిషి. కొంచెం పెద్దదే పెట్టాను.

సాయంత్రం ఆ బొట్టుతోనే డ్యూటీకి ఉప్పల్ వైపు వెళ్లిపోయాడు. దారిలో తుడిచేశాడేమో, ఫోన్ చేసి అడగలేదు. మీ ఇళ్లలో మెరుగు పెట్టిన బండికి బొట్టు ఎక్కడ పెడుతున్నారు?